పెద్ద గోడచిత్రాలన్నీ పోయాక కూడా బోయ్‌చుక్ ఎందుకు ముఖ్యం?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఉక్రెయిన్ చిత్రకారుడు మిఖైలో బోయ్‌చుక్ ఎవరు అన్నది ఒకటి. ఆయన వేసిన పెద్ద గోడచిత్రాలు దాదాపు ఏవీ లేవు కదా, మరి కళాచరిత్రలో అంత చోటెందుకు ఇస్తున్నారు అన్నది రెండోది. ఆయనలాగా పాత చిత్రాలను కాపీ చేయించడం మీ స్కూల్లో డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలకు మంచిదేనా అన్నది మూడోది. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో గోడచిత్రాల పాఠం చాలా ఏళ్లు చెప్పాను. ఆ పాఠంలో ఏటా బోయ్‌చుక్ దగ్గర ఆగేవాణ్ణి. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: ఆయన అన్నిటికంటే గొప్ప పని ఆయన తరగతి. గోడచిత్రాలు ఆ తరగతి నుంచి వచ్చాయి. అందుకే గోడలు పోయినా ఆయన గురించి మాట్లాడుకోవడానికి చాలా ఉంది.

బోయ్‌చుక్ 1882 అక్టోబర్ 30న తెర్నోపిల్ ప్రాంతంలోని రొమానివ్‌కా అనే పల్లెలో పుట్టాడు. రైతు కుటుంబం. ఆ ప్రాంతాన్ని గలీసియా అంటారు, అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. కుర్రవాడు బొమ్మలు వేసే తీరు చూసి పెద్దవాళ్లు ల్వీవ్ నగరానికి పంపారు. అక్కడ గ్రీక్ కాథలిక్ చర్చి అధిపతి అంద్రేయ్ షెప్తిత్‌స్కీ అతని చదువు ఖర్చు చూసుకున్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది. క్రాకో అకాడమీలో 1905లో చదువు పూర్తయింది. తర్వాత మ్యూనిక్, అక్కణ్ణుంచి 1907లో పారిస్.

పారిస్‌లో అప్పుడు పికాసో, బ్రాక్ లాంటివాళ్లు రూపాన్ని ముక్కలుగా విడదీసి చూపే క్యూబిజం మొదలుపెడుతున్నారు. బోయ్‌చుక్ ఆ దారిలో వెళ్లలేదు. రాన్సన్ అకాడమీలో పోల్ సెరూసియే దగ్గర చేరాడు. మధ్యయుగపు చిత్రాల్లో రూపాన్ని ఎలా కట్టారో ఆలోచించే గుంపు అది. అక్కడ బోయ్‌చుక్‌కు ఒక విషయం అర్థమైంది. యూరప్ చిత్రకారులు దూరదేశాల్లో వెతుక్కుంటున్నది, అంటే బల్లపరుపు రంగు, గట్టి గీత, అనవసరమైనది తీసేసిన రూపం, తన ఊరి చర్చిలోని పాత ప్రతిమల్లోనే (చెక్క పలక మీద రంగులతో వేసే దైవచిత్రాలు, ఐకాన్లు అంటారు) ఉంది. పాత తూర్పు రోమన్ సామ్రాజ్యం బైజాంటియం నుంచి కీవ్‌కు వచ్చి, అక్కడ శతాబ్దాలపాటు సాగిన సంప్రదాయం అది. 1909లో పారిస్‌లోనే తన చుట్టూ చేరిన కుర్ర చిత్రకారులతో ఒక చిన్న బడి పెట్టాడు. 1910లో స్వతంత్ర చిత్రకారుల ప్రదర్శనలో మికోలా కస్పెరోవిచ్, సోఫియా సెగ్నో అనే ఇద్దరితో కలిసి చిత్రాలు పెట్టాడు. బైజాంటిన్ కళ పునరుద్ధరణ అన్న పేరుతో, ముగ్గురూ కలిసి చేసిన పనిగా చూపించారు. ప్రతి చిత్రకారుడూ తన పేరు నిలబెట్టుకోవడానికి తంటాలు పడే ఊర్లో అది మామూలు విషయం కాదు. ఆ బడిలోనే చదువుకున్న సోఫియా నలెపిన్‌స్కాను తర్వాత పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ చెక్క మీద చెక్కి అచ్చువేసే కళలో ఉక్రెయిన్‌లో ఒక తరాన్ని తయారుచేసిన మనిషి. ఆవిడ గురించి విడిగా ఒక సమాధానం రాయాలి.

పారిస్ తర్వాత ఇటలీ వెళ్లి అక్కడి పాత గోడచిత్రాలు చూసి, ల్వీవ్ వచ్చాడు. షెప్తిత్‌స్కీ స్థాపించిన మ్యూజియంలో పాత ప్రతిమలను బాగుచేసే పని చేశాడు. ఆయన జీవితచరిత్ర చెప్పేవాళ్లు చాలామంది ఈ భాగాన్ని ఒక్క లైనులో దాటేస్తారు. నా దృష్టిలో ఆయన గురువుగా తయారైంది ఇక్కడే. పాడైపోయిన ప్రతిమను బాగుచేసేవాడికి పైన కనిపించే బొమ్మతో సరిపోదు. కింద చెక్క ఎలా కోశారు, దాని మీద సుద్దా జిగురూ కలిపిన పూత ఎన్ని వరసలు వేశారు, గుడ్డు పచ్చసొనలో కలిపిన రంగు ఏ వరసలో వేశారు, ముదురు రంగు ముందా లేత రంగు ముందా, అన్నీ తెలియాలి. ఒక చిత్రాన్ని వెనక నుంచి ముందుకు చదవడం అలవాటవుతుంది. ఆయన తర్వాత పిల్లలకు చెప్పిన పాఠంలో ఈ అలవాటే కనిపిస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధం రాగానే ఆస్ట్రియా పౌరుడన్న కారణంతో రష్యన్ ప్రభుత్వం ఆయన్ను దూరప్రాంతాలకు పంపేసింది. ముందు ఉరాల్స్క్, తర్వాత అర్జమాస్. 1917లో రష్యా చక్రవర్తి జారు గద్దె దిగాక కీవ్ చేరుకున్నాడు.

అదే సంవత్సరం డిసెంబరులో కీవ్‌లో ఉక్రెయిన్ కళా అకాడమీ మొదలైంది. దాని వెనక చరిత్రకారుడు మిఖైలో హ్రుషెవ్‌స్కీ ఉన్నాడు. అప్పటిదాకా ఉక్రెయిన్ కుర్రవాడు పెద్ద కళాచదువు చదవాలంటే సెయింట్ పీటర్స్‌బర్గో క్రాకోనో వెళ్లాల్సిందే. మొదటి ప్రొఫెసర్ల జాబితా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఎవరూ ఒకరిలా ఒకరు ఉండరు. వెలుగునూ రంగునూ పట్టుకోవడంలో దిట్ట ఒలెక్సాంద్ర్ మురాష్‌కో ఒకడు. 1919 జూన్‌లో కీవ్ వీధిలోనే ఆయన్ను ఎవరో కాల్చి చంపారు. పుస్తకాల అలంకరణలో మహా నేర్పరి హెయోర్హీ నార్బుత్ ఇంకొకడు, ఆయన 1920లో జబ్బుతో పోయాడు. ఫెదీర్ క్రిచెవ్‌స్కీ, వసీల్ క్రిచెవ్‌స్కీ అన్నదమ్ములు, అబ్రాం మానెవిచ్, మికోలా బురాచెక్, మిఖైలో జూక్ మిగతావాళ్లు. వీళ్లలో గోడచిత్రం, మొజాయిక్ (రంగు ముక్కలు అతికి చేసే బొమ్మ), ప్రతిమల వర్క్‌షాపు బోయ్‌చుక్‌కు ఇచ్చారు.

ఆ వర్క్‌షాపులో చేరినవాళ్లలో చాలామంది పల్లె పిల్లలు. ఇవాన్ పడాల్కా, వసీల్ సెద్ల్యార్, ఒక్సానా పావ్లెంకో, అంతోనినా ఇవానోవా, మికోలా రొకిత్‌స్కీ, కిరీలో గ్వోజ్‌దిక్, మనుయిల్ షెహ్త్‌మన్, బోయ్‌చుక్ తమ్ముడు తిమ్‌కో. తర్వాత జనం వీళ్లందరినీ కలిపి బోయ్‌చుకిస్టులు అన్నారు. కీవ్ అప్పుడు చేతులు మారుతూ ఉంది. ఒక సైన్యం పోతే ఇంకో సైన్యం వచ్చేది. ఆ గొడవల్లో అకాడమీ తన భవనాన్నే పోగొట్టుకుంది. కట్టెలు లేవు, రంగులు లేవు, తిండికే ఇబ్బంది. అలాంటి రోజుల్లో కూడా ఆ తరగతి ఆగలేదు. ఆ రోజుల్లో విద్యార్థులు రాసుకున్న నోట్సు వల్లే ఆయన పాఠం ఏమిటో ఇవాళ మనకు తెలుస్తోంది.

ఇక పద్ధతి. మీరు అడిగిన మూడో ముక్కకు జవాబు ఇక్కడే ఉంది, అందుకే నిదానంగా చెబుతాను. మామూలు అకాడమీలో ముందు ప్లాస్టర్ తలకాయను చూసి గీయిస్తారు, తర్వాత మనిషిని కూర్చోబెట్టి గీయిస్తారు. నీడలు సరిగా పడ్డాయా, పోలిక వచ్చిందా అని చూస్తారు. బోయ్‌చుక్ దీన్ని తిరగేశాడు. ముందు కూర్పు నేర్పాడు. కాగితం మీద ఒక వస్తువు ఉంటే దాని బరువు ఎటుంది, రెండోది తెచ్చిపెడితే మొదటిదానికి ఏమవుతుంది, మూడోది వస్తే మధ్యలోని ఖాళీ ఏం చేస్తుంది, ఇలా నడిపించేవాడు. తర్వాత మధ్యయుగపు ఇటలీ చిత్రకారుడు జొట్టో గోడచిత్రాలు, బైజాంటిన్ మొజాయిక్‌లు, ఉక్రెయిన్ పాత ప్రతిమలు, పల్లె బొమ్మలు ముందు పెట్టి కాపీ చేయించేవాడు.

అయితే కాపీ అంటే అచ్చు గుద్దినట్టు దించడం అనుకోవద్దు. ఆ చిత్రం ఏ గీతల మీద నిలబడిందో ఆ గీతలు మాత్రమే తీసి చూపించాలి. ముఖాలూ బట్టలూ మడతలూ అన్నీ పక్కన పెట్టి, పెద్ద రూపాలు ఎలా వాలాయి, ఏది దేన్ని మోస్తోంది అన్నది గీయాలి. ఇల్లు కట్టే మేస్త్రీ వేరే ఇల్లు చూసినప్పుడు రంగు చూడడు, దూలం ఎక్కడ ఆనిందో చూస్తాడు. బోయ్‌చుక్ అడిగింది ఆ చూపు. అది వచ్చాక అప్పుడు ప్రకృతి ముందుకు, పొలంలో పనిచేసే మనిషి ముందుకు పంపేవాడు. కళ్లకు కనిపించిందంతా దించకుండా, కావలసింది ఏరుకోవడం ఆ పిల్లలకు అప్పటికే వచ్చి ఉంటుంది.

రెండోది, చేతిపని. రంగు నూరడం, పచ్చసొన కలపడం, చెక్కకు పూత వేయడం, గచ్చు కలపడం విద్యార్థే చేయాలి. మూడోది, కలిసి పనిచేయడం. గోడ ఒకరిది కాదు, వర్క్‌షాపుది. పెద్దవాడు కూర్పు చేస్తే చిన్నవాడు నేపథ్యం వేస్తాడు, రేపు ఆ చిన్నవాడే కూర్పు చేస్తాడు. పేరు వేసుకోవాలన్న ఆత్రం తగ్గించమని ఆయన పదేపదే చెప్పేవాడు.

కలిసి పనిచేయమనడానికి సిద్ధాంతం ఒక్కటే కారణం కాదు, తడి గచ్చు మీద చేసే పని స్వభావమే అలాంటిది. సున్నం, ఇసుక కలిపిన గచ్చు గోడకు పూసి, అది తడిగా ఉండగానే నీళ్లలో కలిపిన రంగు వేయాలి. ఆరేటప్పుడు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని సున్నపురాయిగా మారుతుంది. రంగు పొడి ఆ రాయిలో చిక్కుకుపోతుంది. అందుకే ఇటలీలో వందల ఏళ్ల నాటివి ఇప్పటికీ కనిపిస్తున్నాయి. కానీ దిద్దుబాటుకు చోటు తక్కువ. తప్పు వేస్తే ఆ ముక్క గోకేసి మళ్లీ గచ్చు పూయాలి. ఒక రోజులో వేయగలిగినంత మేరకే ఆ పూట గచ్చు పూస్తారు. అంటే కూర్పు మొత్తం ముందే పెద్ద కాగితాల మీద తేల్చుకోవాలి, ఎవరు ఏ ముక్క వేస్తారో ముందే తెలియాలి, అందరి చేయీ ఒకేలా నడవాలి. వర్క్‌షాపులో ఒక్కరికి అహం ఉన్నా గోడ మీద తెలిసిపోతుంది.

1919లో కీవ్‌లోని లూత్స్క్ బారక్స్ గోడల మీద ఈ బృందం మొదటి పెద్ద పని చేసింది. సైనికులు ఉండే చోట, వాళ్ల కళ్ల ముందు, పల్లె జీవితమూ పోరాటమూ కలిసిన దృశ్యాలు వేశారు. అవి ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత కీవ్ సహకార సంస్థలో, 1927-28లో ఒడెస్సా దగ్గర హాజిబేయ్ ఉప్పుసరస్సు ఒడ్డున రైతుల శానిటోరియంలో వేశారు. మధ్యలో సెద్ల్యార్ కీవ్ దగ్గరి మెజిహీర్యలో సిరామిక్ బడి నడిపాడు, పావ్లెంకో అక్కడ పాఠం చెప్పింది. పడాల్కా ఖార్కివ్‌లో, నలెపిన్‌స్కా కీవ్‌లో బోధించారు. ఒక గురువు దగ్గర చదివినవాళ్లు పదేళ్లలోపే మట్టిపాత్రలకూ పుస్తకాల బొమ్మలకూ చెక్క అచ్చులకూ అదే కూర్పు జ్ఞానాన్ని చేర్చారు. సెద్ల్యార్ 1930ల మొదట్లో ఉక్రెయిన్ జాతీయ కవి తారస్ షెవ్‌చెంకో కవితలకు వేసిన బొమ్మలు చూడండి. తొందరగా గీసినట్టుంటాయి, కానీ ఒక్క గీత జరిపినా బొమ్మ కూలిపోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1920ల్లో ఆ అకాడమీయే కీవ్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌గా మారింది, అది మొత్తంగానే గొప్ప చోటు. కొత్త తరహా కళకు పేరుపడ్డ తాత్లిన్ అక్కడ కొంతకాలం పాఠం చెప్పాడు. 'నల్ల చతురస్రం' అనే చిత్రం వేసిన మలేవిచ్ 1928 నుంచి 1930 వరకు చెప్పాడు. ఒకే భవనంలో నల్ల చతురస్రం వేసినాయన, పాత ప్రతిమల నుంచి నేర్చుకోమన్న ఈయన, రంగుల ఫెదీర్ క్రిచెవ్‌స్కీ. విద్యార్థికి ఇంతకంటే ఏం కావాలి? బోయ్‌చుక్‌ను వెనక్కి చూసే మనిషిగా, మలేవిచ్‌ను ముందుకు చూసే మనిషిగా విడదీసే వ్యాసాలు నాకు నచ్చవు. ఇద్దరూ చిత్రంలోంచి అనవసరమైనది తీసేస్తే ఏం మిగులుతుంది అనే అడిగారు.

1926-27లో బోయ్‌చుక్, భార్య, సెద్ల్యార్, అంద్రీయ్ తరాన్ అనే ఇంకో చిత్రకారుడు కలిసి జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ తిరిగి వచ్చారు. ప్రభుత్వ అనుమతితోనే వెళ్లారు. పదేళ్ల తర్వాత ఈ ప్రయాణమే గూఢచర్యానికి సాక్ష్యం అయింది.

1930ల్లో గాలి మారింది. సోషలిస్ట్ రియలిజం, అంటే కష్టజీవుల బతుకును ఉత్సాహంగా, ఉన్నదున్నట్టు కనిపించేలా చూపే కళ, ఒక్కటే సరైనదని సోవియట్ అధికారులు అన్నారు. ప్రతిమల నుంచి నేర్చుకోవడం మతం అన్నారు, పల్లె బొమ్మలు జాతీయవాదం అన్నారు. 1932-33లో స్తాలిన్ ప్రభుత్వం పల్లెల నుంచి ధాన్యం లాక్కోవడంతో ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. హోలోదోమోర్ అని వాళ్లు చెప్పుకునేది దాన్నే. సరిగ్గా ఆ రోజుల్లో, 1933-35 మధ్య, మన పిల్లలు చాలామంది మెడిసిన్ చదివిన ఖార్కివ్‌లో చెర్వొనొజావోద్‌స్కీ థియేటర్ గోడలు బోయ్‌చుక్ బృందానికి అప్పగించారు. నమూనాలు మళ్లీ మళ్లీ మార్పించారు. పల్లెలు అలా ఖాళీ అయిన కాలంలో, రైతుబిడ్డ బోయ్‌చుక్ వేయాల్సి వచ్చిన విషయం పంటల పండుగ. ఫోటోల్లో మిగిలిన ఆ కూర్పు చూస్తే మనుషులు నవ్వుతున్నారు, ఒళ్లు గుండ్రంగా ఉంది, పాత గట్టి గీత లేదు. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే బలహీనంగా అనిపించేది అదే. కానీ అప్పటి పరిస్థితి ఎలాంటిదో తెలిశాక ఆయన్ను తప్పుపట్టడానికి నాకు మనసు ఒప్పదు. శిష్యుల ప్రాణాలు కూడా ఆ గోడ మీదే ఉన్నాయి.

ఆ రాజీ కూడా కాపాడలేదు. 1936 నవంబర్ 25న ఆయన్ను అరెస్ట్ చేశారు. జాతీయవాద ఉగ్రవాద ముఠా నడిపాడని, విదేశాల గూఢచారి అని కేసు. ఒకప్పుడు షెప్తిత్‌స్కీ చదివించడం, పారిస్‌లో ఉండటం, 1926-27 ప్రయాణం, అన్నీ ఆ కేసులోకి వచ్చాయి. 1937 జూలై 13న కీవ్‌లో బోయ్‌చుక్‌ను, పడాల్కాను, సెద్ల్యార్‌ను ఒకే రోజు కాల్చి చంపారు. సోఫియా నలెపిన్‌స్కాను అదే ఏడాది డిసెంబర్ 11న చంపారు. ఖార్కివ్ గోడలను నాశనం చేశారు. మిగతా చోట్ల కొన్నిటికి సున్నం కొట్టారు, కొన్నిటిని గచ్చుతో సహా రాలగొట్టారు. 1958లో ప్రభుత్వం ఆయన నేరం చేయలేదని ఒప్పుకుంది. అప్పటికి ఒప్పుకోలు తప్ప ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

మరి ఏం మిగిలాయి, ఎలా మిగిలాయి? కీవ్ మ్యూజియంలో 1937-39 మధ్య నిషేధించిన చిత్రాలను ఒక రహస్య గదిలో పడేశారు, విలువ సున్నా అని రాసి. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది, వాటిని కాల్చేసేవాళ్లకు తీరిక లేకపోయింది. బోయ్‌చుక్ శిష్యుల చిన్న చిత్రాలు కొన్ని అలా బతికాయి. ల్వీవ్‌లో మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బోయ్‌చుక్ వదిలివెళ్లిన పనులను చిత్రకారిణి యారొస్లావా ముజికా దాచింది. 1948లో ఆవిడ్ని కూడా అరెస్ట్ చేసి నిర్బంధ శిబిరానికి పంపారు. తిరిగొచ్చాక కూడా ఆవిడ ఆ పనులను వదల్లేదు. ఇంకోవైపు 1952లో ల్వీవ్ మ్యూజియంలోనే అధికారులు ఆయన చిత్రాలు సహా ఎన్నో పనులను నాశనం చేయించారు. ఒక్సానా పావ్లెంకో 1929లోనే మాస్కో వెళ్లిపోయినందువల్ల బతికింది. 1991 దాకా జీవించి, గురువు గురించి అడిగినవాళ్లకు చెబుతూనే ఉంది. 2017-18లో కీవ్‌లోని మిస్తెత్‌స్కీ ఆర్సెనల్‌లో బోయ్‌చుకిస్టుల పెద్ద ప్రదర్శన జరిగింది. 2022 చివర్లో రష్యాతో యుద్ధం మధ్యలోనే కొన్ని చిత్రాలు మాడ్రిడ్ ప్రదర్శనకు వెళ్లాయి. 2024 మార్చి 25న కీవ్ మీద జరిగిన క్షిపణి దాడిలో, బోయ్‌చుక్ పేరు పెట్టుకున్న అలంకార కళలు, డిజైన్ అకాడమీ భవనంలో కొంత భాగం కూలిపోయింది. ఆ అకాడమీలో ఇప్పటికీ పిల్లలు చదువుతున్నారు.

ఆయన్ను అమరుడిగా మాత్రమే చూపించే రాతలు ఈమధ్య ఎక్కువయ్యాయి. చనిపోయిన తీరు చెప్పి, పాఠం చెప్పకుండా వదిలేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. అందుకే పద్ధతి గురించి అంత రాశాను.

మీ పిల్లల విషయానికి వస్తే, కాపీ చేయించండి, భయం లేదు. కానీ క్యాలెండర్ బొమ్మను గళ్లు వేసి పెద్దది చేయించడం కాపీ కాదు. అందులో పిల్లవాడి కన్ను ఏమీ ఎంచుకోదు. మీకు దగ్గర్లో ఉన్న పాత పని ఏదైనా తీసుకోండి. లేపాక్షి కప్పు మీది బొమ్మలు, చేర్యాల పటం, శ్రీకాళహస్తి కలంకారీ, ఏదైనా సరే. రంగులు వద్దని చెప్పండి. ఆ బొమ్మను నిలబెట్టిన గీతలు మాత్రమే, కొద్దివే గీయమనండి. ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెడితే బావుంటుంది. అంతకంటే చిన్నవాళ్లను వాళ్ల ఇష్టానికి గీయనివ్వాలి, కూర్పు పేరుతో వాళ్లకు టెన్షన్ పెట్టొద్దు.

బోయ్‌చుక్ బడి నుంచే ఒక చిత్రం చూపించాలనుకుంటే తిమ్‌కో బోయ్‌చుక్ వేసిన 'ఆపిల్ చెట్టు దగ్గర' వెతకండి. 1919-20 నాటిది, కీవ్ జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ కుర్రవాడు 1922లోనే క్షయతో పోయాడు. అన్న పాఠం అంతా ఆ చిన్న చిత్రంలో కనిపిస్తుంది. ల్వీవ్‌లో ఉన్న 'ప్రవక్త ఏలీయా' మిఖైలో బోయ్‌చుక్ స్వయంగా వేసింది, అది రెండోసారి చూపించండి. ముందు తిమ్‌కో చిత్రం పెట్టి, చెట్టు గీతకూ మనిషి గీతకూ ఎక్కడ సంబంధం కుదిరిందో పిల్లలనే వెతకమనండి. తర్వాత అదే అమరికలో వాళ్లింట్లోనో పొలంలోనో రోజూ చూసే పని ఒకటి వేయించండి. వాళ్లు గీసినవాటి ఫోటోలు ఇక్కడ పెడితే, ఒక్కొక్కటీ చూసి ఎక్కడ కూర్పు కుదిరిందో ఎక్కడ జారిందో రాస్తాను.